రాతితొట్టిలో దేవుడి పూలు

నాకు మొక్కల పిచ్చి మా అమ్మ నుంచి వచ్చింది. కోపం ఎవరి నుంచి వచ్చిందో మా ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఒప్పుకోలేదు. మదనపల్లెలో మా పుట్టింటి ముందు జానెడు చోటు కనిపిస్తే చాలు, అమ్మ అక్కడ ఒక కొమ్మ గుచ్చేది. నూనె డబ్బాల్లో క్రోటన్లు, పగిలిన కుండల్లో కలబంద, కిటికీ చువ్వలకు చుట్టుకున్న మనీప్లాంటు, వాకిలికి రెండు పక్కలా గన్నేరు చెట్లు. ఎరుపొకటి, తెలుపొకటి, ముద్దగా పూసే గులాబిరంగుదొకటి. వీధిలో ఎవరింటికి చుట్టాలొచ్చినా మా వాకిట్లో నిలబడి ఫొటో తీయించుకుని పోయేవాళ్ళు.

తొంభైల మొదట్లో నన్ను పుంగనూరుకు ఇచ్చారు. అత్తగారింటికి తీసుకుపోయిన సామాన్లలో నాకు బాగా గుర్తున్నవి తడి గోనెపట్టాలో చుట్టిన గన్నేరు కొమ్మలే. బస్సులో వాటిని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. కొత్త పెళ్ళికూతురి ఒళ్ళో ఈ పుల్లలేమిటని కండక్టరు నవ్వాడు. పోనీలే అని ఊరుకోకుండా, నీకెందుకయ్యా, నువ్వు టికెట్ కొట్టు అన్నాను. పక్కనున్న మా ఆయనకు నా సంగతి ఆ రోజే అర్థమై ఉంటుంది.

మా అత్త మాట తక్కువ మనిషి. మామ నేను కాపురానికి రాకముందే పోయారు. ఆమె రోజుకు పది మాటలు మాట్లాడితే అందులో ఐదారు పిల్లితోనే. బూడిదరంగు మీద నల్లచారల పిల్లి, ఒక చెవి కొస తెగి ఉండేది. దానికి పేరంటూ పెట్టలేదు. "ఏమ్మా, తిన్నావా?" "ఏమ్మా, యాడికి పోయొచ్చినావు?" అని పిలిచేది. కొత్తలో నన్నే అడుగుతోందనుకుని, తిన్నాను అత్తా అని వంటింట్లోంచి రెండు మూడుసార్లు పలికాను. పిల్లిని అడిగానని చెబితే నేను నొచ్చుకుంటానని ఆమె ఊరుకునేది. నాలుగోసారి చూసి తెలుసుకున్నాను. ఆ తర్వాత చాలా రోజులు ఆ పిల్లి మీద నాకు కాస్త ఉడుకుగానే ఉండేది.

మిగతా నాలుగు మాటలు గోడవతలి ఆమెతో. ఆమెను మా అత్త వదినా అనేది, నేను పెద్దమ్మా అనేదాన్ని. వరస తెలిసిన చుట్టరికమేమీ లేదు, ముప్పై ఏళ్ళు పక్కపక్కన ఉన్నందుకు వచ్చిన వరస. పెద్దమ్మకు రెండు ఆవులుండేవి. ఒకటి పొట్టి పుంగనూరు ఆవు, ఇంకొకటి పాలు ఎక్కువిచ్చే సీమావు. మా వీధి మొత్తానికి ఆమే పాలు పోసేది. మా రెండిళ్ళ మధ్య గోడ నడుము ఎత్తు ఉండేది. మధ్యాహ్నం పని సర్దుకున్నాక ఇద్దరూ ఆ గోడకు చెరోవైపు నిలబడేవాళ్ళు. ఒకరు చేటలో బియ్యం ఏరుతుంటే ఒకరు శెనక్కాయలు వలిచేవాళ్ళు. మాట్లాడుకునేది కూడా పెద్దగా ఉండదు. గోడ మీద పిల్లి అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిరిగేది.

"నీ పిల్లికి ఏదో ఒగటి పెట్టేస్తా సూడు వదినా. పొద్దన మీగడంతా నాకి పోయినాది," అని పెద్దమ్మ వారానికొకసారి తిట్టేది. తిడుతూనే కొబ్బరి చిప్పలో దానికి పాలు పోసేది. మా అత్త నవ్వేది. ఆమె నవ్వడం నేను చూసింది ఆ గోడ దగ్గరే.

మూడేళ్ళలో నా తోట మా అమ్మ తోటకు తీసిపోకుండా అయింది. గన్నేరు ఇంటి కప్పు దాకా లేచింది. నీళ్ళు పోసినా పోయకపోయినా పూస్తుంది, మేకలు ముట్టవు, పుంగనూరు ఎండలకు అంతకన్నా నమ్మకమైన చెట్టు ఉండదు. పొద్దున స్నానం చేసి బుట్టెడు పూలు కోసి శివుడికి పెట్టేదాన్ని. మర్నాడు తీసేసే పూలతోనే చిక్కు వచ్చేది. దేవుడి మీది పూలు ఎవరి కాళ్ళ కిందా పడకూడదు. మదనపల్లెలోనైతే మా అమ్మ ఇంటి వెనక పాతబావిలో వేసేది. ఇక్కడ బావి లేదు. చెత్తలో వేయడానికి చేతులు రావు. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. పెరట్లో ఒకప్పుడు ఎద్దులు నీళ్ళు తాగిన చిన్న రాతితొట్టి ఖాళీగా పడి ఉంది. దాన్ని కడిగి, నీళ్ళు నింపి, తీసేసిన పూలన్నీ అందులో వేశాను. నాలుగైదు రోజులకు అవి మెత్తబడ్డాక ఆ నీళ్ళు తెచ్చి మొక్కల మొదళ్ళలో పోసేదాన్ని.

"మంచి పని సేసినావు," అంది మా అత్త. కాపురానికొచ్చాక ఆమె నన్ను మెచ్చుకున్న మొదటి మాట అది. ఆ ఒక్క మాటకు వారం రోజులు నేల మీద నడవలేదు నేను.

మా వీధిలో కొళాయి మూడు రోజులకొకసారి వచ్చేది. డ్రమ్ములకూ బిందెలకూ మూతలు పెట్టి, పిల్లి దగ్గరికొస్తే చీపురు విసిరేదాన్ని. అది రాతితొట్టి దగ్గరికి పోయేది. ముందుకాళ్ళు అంచు మీద ఆనించి, ఎర్రపూల మధ్య మూతి పెట్టి, చప్పుడు లేకుండా తాగేది. నేను చూశాను. చూసి, భలే ముచ్చటగా ఉందే అనుకున్నాను. మా అత్తను పిలిచి చూపించాను కూడా.

గన్నేరు పప్పు సంగతి మా జిల్లాలో తెలియనివాళ్ళు లేరు. పచ్చగన్నేరు కాయ ముట్టుకోవద్దని నడక రాని పిల్లలకు కూడా చెబుతారు. కానీ అది కాయ సంగతి, అది పచ్చగన్నేరు సంగతి. ఇది దేవుడి నెత్తిన పెట్టే పువ్వు. ఆ పువ్వు నానిన నీళ్ళంటే మాకు తీర్థంలో సగం.

తొంభైల మధ్యలో ఒక శివరాత్రికి చెట్లన్నీ దులిపి పూజ చేశాను. పూలు చాలక లేత ఆకులు కూడా కోశాను. మర్నాడు అంతా ఎత్తి తొట్టిలో వేస్తే నీళ్ళు కనిపించలేదు. సాయంత్రానికి తొట్టిలో నీళ్ళు చిక్కటి టీ డికాక్షన్ రంగుకు వచ్చాయి. తర్వాతి రోజు పొద్దున పిల్లి పెరట్లో గోడ వారగా పడుకుని ఉంది. నోట్లోంచి చొంగ కారుతోంది. రెండుసార్లు కక్కింది. మా అత్త ఒళ్ళోకి తీసుకుని మజ్జిగ తాగించబోయింది, మింగలేదు. దాని రొమ్ము మీద చెయ్యి పెట్టి, "గుండె ఆగి ఆగి కొట్టుకుంటాండాది," అంది. పిల్లిని ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పోవచ్చని అప్పట్లో మా వీధిలో ఎవరికీ తోచదు. అక్కడికి ఆవులు పోతాయి, ఎద్దులు పోతాయి. పన్నెండు కొట్టేలోగా అది పోయింది.

ఇక్కడ ఆగి ఒక మాట చెప్పాలి. పిల్లికి విషం పెట్టారని మా అత్త అనలేదు. నేనే అన్నాను.

"ఎవరో మందు పెట్టినారు అత్తా," అన్నాను. అంతటితో ఊరుకోలేదు. "ఏదో ఒకటి పెట్టేస్తానని పెద్దమ్మ అననే అనింది గదా," అన్నాను. ఆలోచించి అన్నది కాదు. ఏదైనా అయితే ఎవరో ఒకరి మీద విరుచుకుపడకపోతే నాకు నిలవదు. మా అత్త ఒళ్ళో పిల్లిని పెట్టుకునే గోడ వైపు చూసింది.

సరిగ్గా అప్పుడే పెద్దమ్మ గోడ దగ్గరికి వచ్చింది. "ఏమైనాది వదినా?" అని అడిగింది. పిల్లిని చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"నువ్వు అనిన మాటే అయినాది," అంది మా అత్త.

పెద్దమ్మ ఏదో అనబోయింది. అనలేదు. మొహం పాలిపోయింది. వెనక్కి తిరిగి ఆవుల కొట్టంలోకి పోయింది. తప్పు లేనిదైతే ఎందుకు ఊరుకుంటుంది, నాలుగు మాటలు అడగదా అన్నాను నేను. నాలాంటి నోరే అందరికీ ఉంటుందనుకున్నాను.

మర్నాటి నుంచి మాకు ప్యాకెట్ పాలు. కొళాయి దగ్గర అడిగిన వాళ్ళందరికీ ఎందుకో చెప్పాను. అడగని వాళ్ళకు కూడా చెప్పాను. పిల్లికి పెట్టిన చేత్తోనే పాలు పితుకుతుందే అని ఎవరో అంటే, నేను అవునవునని తలూపాను. ఒక ఇల్లు మానేసింది, తర్వాత ఇంకోటి. మా అత్త మాత్రం వీధిలో ఎవరి దగ్గరా ఒక్క మాట మాట్లాడలేదు. మధ్యాహ్నాలు బియ్యం చేట తీసుకుని వంటింట్లో గోడకు ఆనుకుని కూర్చునేది.

ఆ వర్షాకాలంలో ఎక్కడి నుంచో ఒక పిల్లికూన వచ్చి చేరింది. మా అత్త మొదట దగ్గరికి తీయలేదు. నెల తిరిగేసరికి మళ్ళీ "ఏమ్మా" వినిపించింది. మరుసటి శివరాత్రి అయిన మూడో రోజు అది కూడా అలాగే చొంగ కార్చుకుంటూ పోయింది. అప్పుడైనా నాకు తట్టలేదు. రెండు శివరాత్రులు, ఒకే తొట్టి, ఒకే చావు. నా తోట నా కళ్ళ ముందే ఉంది, నేను గోడవతలికే చూస్తున్నాను. మా అత్త మేస్త్రీని పిలిపించి ఆ గోడ మనిషెత్తు లేపించింది. తర్వాత కొన్నాళ్ళకు పెద్దమ్మ రెండు ఆవులనూ సంతకు తోలేసిందని తెలిసింది. బాగా అయింది అన్నాను. ఈ మాట రాయడానికి ఇప్పుడు నాకు సిగ్గుగా ఉంది, కానీ అన్నాను.

రెండు వేల సంవత్సరం దాటాక మా ఆయనకు కుప్పం బదిలీ అయింది. అక్కడ మాకు దొరికిన ఇంటికి చుట్టూ చోటుండేది. ఇక నన్ను పట్టేవాళ్ళు లేరు. బెంగుళూరు నర్సరీల నుంచి కొత్త కొత్త మొక్కలు తెచ్చాను. వెడల్పాకుల మీద తెల్లమచ్చల డిఫెన్‌బాకియా, గేటుకు రెండు పక్కలా ఈతచెట్టు పిల్లలా ఉండే సైకస్, గొట్టంలాంటి పెద్ద తెల్లపూల లిల్లీలు. కంచె వెంబడి మాత్రం ఎప్పటిలా గన్నేరు. మా అత్త మాతోనే వచ్చింది. వాకిట్లోకి పిల్లి వస్తే, "పో, ఈడికి రావద్దు," అని తలుపు దగ్గరికి వేసేది. కోపంగా కాదు, ఆ పిల్లి మేలు కోరి చెప్పినట్టే ఉండేది.

ఒకసారి గన్నేరు కత్తిరించి కొమ్మలు కంచె బయట వేశాను. రెండు రోజులు ఎండి వాడిన ఆ ఆకును పక్కవీధి ఆమె మేక కొరికింది. పచ్చిది ముట్టని మేక, వాడినదాన్ని ముట్టింది. ఆమె మేకను ఎత్తుకుని పశువుల ఆసుపత్రికి పోతుంటే నేనూ వెంటపడ్డాను. జాలితో కాదు. నా కొమ్మల వల్ల కాదని డాక్టరుతో చెప్పించి ఆమె నోరు మూయిద్దామని.

డాక్టరు మేక నోరు తెరిచి ఆకుముక్క బయటికి తీశాడు. "గన్నేరు. ఎవరమ్మా మేకకు ఇది వేసింది?" అన్నాడు. బొగ్గుపొడి కలిపిన నీళ్ళు పట్టించి, ఇంజెక్షన్ వేసి, రొమ్ము మీద గొట్టం పెట్టి విన్నాడు. "గుండె ఆగి ఆగి కొట్టుకుంటా ఉంది. గన్నేరు పని ఇట్లే ఉంటుంది."

ఆ మాట నేను ఇంతకు ముందు విన్నాను.

"పిల్లులక్కూడా ఇట్లే అవుతుందా సార్?" అని అడిగాను.

"పిల్లులకు ఇంకా తొందరగా."

"తింటేనే కదా? పిల్లులు ఆకులు తినవు కదా?"

"తినక్కరలేదమ్మా. పువ్వు, ఆకు, పుల్ల, అంతా విషమే. అవి నానిన నీళ్ళు తాగినా చాలు."

"నీళ్ళా?"

"నీళ్ళే. మీ ఇంట్లో పిల్లి ఉందా? ఇంకేం మొక్కలున్నాయి?"

నేను ఒక్కొక్కటే చెప్పాను. డిఫెన్‌బాకియా అంటే నోరు కాలి వాస్తుందన్నాడు. సైకస్ అంటే లివరు పోతుందన్నాడు. లిల్లీ అంటే తల అడ్డంగా ఊపాడు. దాని పుప్పొడి ఒంటి మీద పడితే పిల్లి నాక్కుంటుంది, ఆ కాస్తకే కిడ్నీలు పోతాయన్నాడు. మనీప్లాంటు, కలబంద, క్రోటన్లు, దేనికీ మంచి మాట చెప్పలేదు. మా అమ్మ ఇచ్చినవీ, నేను తెచ్చినవీ, వరసగా ఒప్పజెబుతూ పోయాను. చివరికి ఆయనే, "తోటంతా ఏరి ఏరి పెట్టినట్టున్నారే," అని నవ్వాడు. నవ్వడానికేముంది, ఆయనకు తెలియదు కదా.

ఇంటికి వచ్చేసరికి మా అత్త వసారాలో కూర్చుని ఉంది. "మేక బతుకుతాదా?" అని అడిగింది.

"బతుకుతుంది అత్తా," అన్నాను.

అప్పుడు చెప్పి ఉండాల్సింది. పక్కన కూర్చుని, అత్తా, ఆ రెండు పిల్లులూ నా తొట్టి నీళ్ళు తాగి పోయాయి, పెద్దమ్మ ఏ పాపం ఎరగదు అంటే అయిపోయేది. నాలుగు ముక్కలు. కొళాయి దగ్గర ఊరంతటికీ చెప్పిన నోటికి ఆ నాలుగు ముక్కలు రాలేదు. రేపు చెబుదామనుకున్నాను. ఆ వారమే మనుషుల్ని పెట్టి గన్నేరు చెట్లన్నీ వేళ్ళతో తీయించాను.

"యాల కొట్టించినావు? బాగా పూస్తాండె గదా," అంది మా అత్త.

"పురుగు పట్టింది అత్తా," అన్నాను.

పెద్దావిడ, ఇప్పుడు చెప్పి బాధపెట్టడం ఎందుకని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అది అబద్ధం. ఆమె మొహం చూడటానికి నాకు భయం. మంచి పని చేశావని ఒకసారి అన్న మనిషి, ఇంకోలా చూస్తే తట్టుకోలేననిపించింది. అలా ఒక ఏడు పోయింది, రెండో ఏడు పోయింది. మూడో ఏడు ఆమె మంచం పట్టింది. ఒకరోజు పొద్దున తల దువ్వుతుంటే ఉన్నట్టుండి, "వదిన అట్లా పని సేస్తాదని నేను అనుకోలేదు మా. ముప్పై ఏండ్లు గోడ కాడ నిలబడినాము," అంది. దువ్వెన నా చేతిలోనే ఉంది. చెప్పడానికి నోరు తెరిచాను. తెరిచి, "జావ తాగుతావా అత్తా?" అన్నాను. ఆమె తాగుతానంది. పది రోజులకు పోయింది.

కర్మలన్నీ అయిన నెలకు నేను ఒక్కదాన్నే బస్సెక్కి పుంగనూరు వెళ్ళాను. మా పాత ఇంట్లో ఎవరో అద్దెకున్నారు. గోడ అలాగే ఎత్తుగా ఉంది. పెద్దమ్మ వాకిట్లో కూర్చుని చింతపండు ఈనెలు తీస్తోంది. బాగా వంగిపోయింది. నన్ను చూసి తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవడానికే వచ్చాను. "రా మా, కూసో," అంది. ఆవుల కొట్టంలో కట్టెలు పేర్చి ఉన్నాయి.

కూర్చోకుండానే అంతా చెప్పేశాను. గన్నేరు, తొట్టి, శివరాత్రి, కుప్పంలో మేక, డాక్టరు. కొళాయి దగ్గర నేను అన్న మాటలు కూడా దాచలేదు. ఆమె చేతిలో చింతపండు చేతిలోనే ఉండిపోయింది.

"అయితే నేను కాదా?" అంది.

నాకు అర్థం కాలేదు.

"ఆ వారం కొట్టంలో ఎలికలు ఎక్కువైనాయని, తవుడు మూటల కాడ వడముక్కల్లో మందు కలిపి పెట్టినాను మా. పిల్లి తిరిగే తావే గదా అది. మీ అత్త ఆ మాట అనింది సూడు, అప్పుడు గెప్తికొచ్చినాది. ఇంగ ఏమని సెప్పేది? నేనే సంపేసినా అనుకున్నాను. తిరిగి పిల్లికూన పోయినప్పుడు, ఆ మందు ఇంగా యాడనో మిగిలి ఉండాదని కొట్టమంతా తవ్వించినాను. ఆ చేత్తో పాలు పితకబుద్ధి కాలేదు, ఆవుల్ని తోలేసినాను."

"నువ్వు కాదు పెద్దమ్మా. నేను," అన్నాను. ఆమె ముందు కూలబడి ఆమె చెయ్యి పట్టుకున్నాను. నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. మొహం విప్పారింది. పదేళ్ళ వయసు తగ్గినట్టు అయిపోయింది.

"నేను కాదు," అని తనలో తాను ఇంకోసారి అనుకుంది. తర్వాత ఆత్రంగా నా వైపు వంగింది. "పోయేటప్పటికి మీ అత్తకు తెలుసునా? నువ్వు సెప్పినాక ఏమనింది? నన్ను ఏమన్నా అనిందా?"

ఒక అబద్ధం చెబితే సరిపోయేది. నువ్వు కాదని తెలిసి చాలా సంతోషపడింది పెద్దమ్మా, నిన్ను చూడాలంది, అంటే ఆమెకు మిగిలిన రోజులు హాయిగా గడిచేవి. నాలుక చివరి దాకా వచ్చింది. కానీ ఆ ఇంట్లో ఇంకో అబద్ధం చెప్పడానికి నాకు మనసొప్పలేదు.

"తెలియదు పెద్దమ్మా. డాక్టరు చెప్పిన తర్వాత కూడా మూడేళ్ళు బతికింది. నేను చెప్పలేదు."

పెద్దమ్మ నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుంది. చింతపండు చేటను దగ్గరికి లాక్కుని, మళ్ళీ ఈనెలు తీయడం మొదలుపెట్టింది.

"మూడేండ్లు నీ పక్కనే ఉండె గదమ్మా," అంది.